ఉష్ణమండల దేశాలకు వెళ్ళేముందు: టీకాలు, ఆరోగ్య జాగ్రత్తలు

(సొసైటీ వార్షిక సర్వసభ్య సమావేశంలో ఆరోగ్య విభాగం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



ప్రతి యేడూ ఈ సమావేశంలో ఆరోగ్య విభాగం వంతు వచ్చేసరికి భోజనాల వేళ అవుతుంది. ఒకపక్క బిర్యానీ దేగిశా మూత తీస్తూంటే, మేము షుగరు గురించి, బి.పి. గురించి చెప్పే మాటలు ఎవరి చెవికెక్కుతాయి? అందుకని ఈసారి మా వంతు ముందు పెట్టమని కార్యదర్శిగారిని అడిగి మరీ తీసుకున్నాం. మేమంటే ముగ్గురం. ఒకరు డాక్టరు, ఒకరు మందుల షాపు నడుపుతున్నవారు, ఒకరు మలేరియా శాఖలో చేసి రిటైరైనవారు. ముగ్గురం కూర్చుని రాసుకున్నదే ఈ ప్రసంగం. చదివేది ఒకరైనా మాట ముగ్గురిదీ.

ఒకప్పుడు మన ఇళ్ళలోంచి ఎవరైనా విదేశం వెళ్ళారంటే అది కువైటో, దుబాయో, సౌదీయో. ఇప్పుడు మన పిల్లలు ఆఫ్రికా కూడా వెళ్తున్నారు. లాగోస్‌లో ఫ్యాక్టరీ పని అంటారు, కంపాలాలో షాపు లెక్కలు అంటారు, కిన్షాసాలో గోడౌను అంటారు. జీతం బాగుంటుంది, తిండీ బసా కంపెనీదే. పంపడం తప్పని మేము అనటం లేదు. పంపే తీరు గురించే మా బాధ. పాస్‌పోర్టుకి ఆరు నెలలు తిరుగుతారు, వీసాకి మూడు నెలలు తిరుగుతారు. టీకా దగ్గరికొచ్చేసరికి, "ఎల్లుండి ఫ్లైటు, ఏదో సూది వేయించుకోవాలంట, మీ షాపులో ఉందా?" అని అడుగుతారు.

ఇంకొకరు ఇంకో మాట అంటారు. "మేము పుట్టిందే దోమల్లో, పెరిగిందే ఎండల్లో. ఆఫ్రికా దోమ మమ్మల్నేం చేస్తుందండీ? ఆ జాగ్రత్తలన్నీ తెల్లవాళ్ళకి" అని. ఈ మాట మీదనే ఈ రోజు మేము ఎక్కువసేపు మాట్లాడదలచుకున్నాం, ఎందుకంటే ఈ మాట వల్ల మన సొసైటీలో ఒక ఇల్లు దీపం ఆరిపోయింది.

పేరు చెప్పం. ఆ తండ్రి ఈ హాల్లోనే ఉన్నారు. ఆయన అనుమతి తీసుకునే చెబుతున్నాం. అబ్బాయికి ఇరవై ఆరేళ్ళు, ఎ.సి. మెకానిక్కు. నైజీరియా వెళ్ళేముందు ఈ హాల్లోనే దువా చేసి, పూలమాల వేసి పంపాం. మాల వేసిన చేతులు మావే. మాత్రల సంగతి అడిగిన నోరు మాత్రం మాలో ఒక్కటీ లేదు. అబ్బాయి బుద్ధిమంతుడు. అక్కడ కంపెనీ డాక్టరు చెప్పినట్టు మలేరియా రాకుండా రోజుకొక మాత్ర, డాక్సీసైక్లిన్, పదకొండు నెలలు ఒక్కరోజు తప్పకుండా మింగాడు. చెల్లెలి నికాకి సెలవు పెట్టి వచ్చాడు. వచ్చేరోజు మిగిలిన మాత్రల అట్టలు అక్కడి గదిలోనే స్నేహితుడికి ఇచ్చేశాడు. "ఇంటికెళ్తున్నాను గదా, ఇంకెందుకు" అనుకున్నాడు.

పన్నెండోరోజు జ్వరం. ఇల్లంతా పెళ్ళిపనులు. "తిరుగుడెక్కువైంది, మెహందీ రోజుకి తగ్గిపోతుందిలే" అన్నారు. దగ్గరున్న ఆర్.ఎం.పి. వచ్చి టైఫాయిడ్ అన్నాడు, సెలైను పెట్టాడు. ఎక్కడినుంచి వచ్చావని ఆయన అడగలేదు, వీళ్ళు చెప్పలేదు. పెళ్ళివారికి తెలిస్తే ఏదో అంటుజ్వరం అనుకుంటారని ఇంట్లో ఒక భయం కూడా. నాలుగోరోజుకి మాట తడబడింది, ఫిట్స్ వచ్చాయి. పెద్దాసుపత్రికి తీసుకెళ్తే అక్కడి డ్యూటీ డాక్టరమ్మ మొదట అడిగిన ప్రశ్న, "ఈ మధ్య ఏ ఊరైనా వెళ్ళొచ్చాడా?" అని. ఆఫ్రికా అనగానే రక్తం తీసి స్లయిడు చూసింది. ఫాల్సిపారం మలేరియా. అప్పటికే మెదడుకి ఎక్కింది. రెండురోజులు కష్టపడ్డారు. దక్కలేదు.

ఎందుకిలా జరిగిందో మందు పనిచేసే తీరు తెలిస్తే అర్థమవుతుంది. మలేరియా పరాన్నజీవి దోమకాటుతో ఒంట్లోకి రాగానే ముందు కాలేయంలోకి పోయి దాక్కుంటుంది. కొన్నాళ్ళు అక్కడ పెరిగి తరువాత రక్తంలోకి దిగుతుంది. డాక్సీసైక్లిన్ దాన్ని పట్టుకునేది రక్తంలోకి దిగాకనే. అంటే బయలుదేరే ముందు రాత్రి కుట్టిన దోమ కూడా మీతోబాటు టిక్కెట్టు లేకుండా విమానమెక్కిందన్నమాట. అందుకే ఈ మాత్ర ఆ దేశం వదిలాక కూడా నాలుగు వారాలు వేసుకోవాలి. వారానికొకసారి వేసుకునే మెఫ్లోక్విన్‌కీ ఇదే నియమం. దాన్ని వెళ్ళడానికి రెండు మూడు వారాల ముందే మొదలుపెట్టాలి. అటోవాక్వోన్, ప్రోగ్వానిల్ కలిపిన మాత్ర కాలేయంలో ఉన్నప్పుడే దెబ్బకొడుతుంది గనుక వచ్చాక ఏడురోజులు చాలు. ధర మాత్రం ఎక్కువ. ఏది ఎవరికి సరిపడుతుందో డాక్టరే చెప్పాలి. మూర్ఛరోగం, మనోవ్యాధి ఉన్నవారికి మెఫ్లోక్విన్ పనికిరాదు. గర్భిణులకు, ఎనిమిదేళ్ళలోపు పిల్లలకు డాక్సీసైక్లిన్ ఇవ్వరు. అది వేసుకునేవారికి ఎండకు చర్మం కందుతుంది. నీళ్ళు బాగా తాగి, కూర్చుని మింగాలి, మింగగానే పడుకోకూడదు. ఇంట్లో మందుల డబ్బాలో ఉన్న క్లోరోక్విన్ పట్టుకెళ్ళేవారు కొందరు. ఆఫ్రికా ఫాల్సిపారం క్లోరోక్విన్‌కి లొంగదు. దాన్ని నమ్ముకోవడం ఒట్టి చేతులతో వెళ్ళడమే.

ఇప్పుడు మళ్ళీ ఆ మాటకొద్దాం, దోమల్లో పుట్టి పెరిగాం అన్న మాటకి. ఎడతెగకుండా మలేరియా ఉన్నచోట పుట్టి, చిన్నతనంలో పదేపదే జ్వరాలు పడి బతికినవాళ్ళకి కొంత తట్టుకునే శక్తి వస్తుంది. అదీ కొంతే. ఆ మనిషి వేరే దేశంలో కొన్నేళ్ళుండి వస్తే అదీ పోతుంది. మన ఊరి పిల్లలకి అసలు ఆ శక్తి ఎక్కడిది? మన ఏజెన్సీ కొండల్లో మలేరియా ఉందిగాని ఈ పట్నంలో పుట్టిన పాతికేళ్ళవాడు మలేరియా ముఖమే చూసి ఉండడు. మాలో ఒకరు మలేరియా శాఖలో చేరిన రోజుల్లో ఇంటింటికీ తిరిగి మందు కొట్టి, కొట్టిన తేదీ గోడమీద రాసి వచ్చేవారు. ఆ రాతలు ఈనాటి పిల్లలు ఎరగరు. ప్రపంచంలో ఏటా ఇంచుమించు ఆరు లక్షలమంది మలేరియాతో చనిపోతున్నారు, అత్యధికులు ఆఫ్రికాలోనే. మొత్తం మలేరియా కేసుల్లో ఇంచుమించు నాలుగోవంతు ఒక్క నైజీరియాలోనే.

దోమే మలేరియాని మోస్తుందన్న రుజువు దొరికింది మన సికింద్రాబాదులో. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ అనే మిలిటరీ డాక్టరు దోమ కడుపులో ఆ పరాన్నజీవిని చూశాడు. 1902లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆ దోమలకు తన రక్తం తాగనిచ్చిన రోగి పేరు హుసేన్ ఖాన్. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున రాస్ ఆయనకు డబ్బిచ్చాడు. బేగంపేటలో రాస్ పేరిట స్మారకముంది. హుసేన్ ఖాన్ గురించి మనవాళ్ళకే తెలియదు. 1899లో రాస్ పశ్చిమాఫ్రికాలోని ఫ్రీటౌన్ వెళ్ళి అక్కడి మలేరియాని మోసే దోమనీ పట్టుకున్నాడు. మన పిల్లలు ఇప్పుడు వెళ్తున్నది ఆ దోమ ఉన్న దేశాలకే.

ఆ దోమ రాత్రి కుడుతుంది. మందు పట్టించిన దోమతెర ఇక్కడినుంచే కొని పెట్టెలో పెట్టండి. పరుపు కిందికి దోపి పడుకోవాలి, ఊరికే వేలాడదీస్తే దోమకి డేరా వేసినట్టే. ప్లగ్గుకి పెట్టే మందు ఉంది గదా అంటారు. అక్కడ కరెంటు పోయేది రాత్రే. సాయంత్రం నుంచి నిండుచేతుల చొక్కా, కాళ్ళకి మేజోళ్ళు, బయట ఉన్న చోట చర్మానికి డీట్ ఉన్న మందు. మాత్ర వేసుకుంటున్నాం గదా అని దోమతెర మానకూడదు. ఏ మాత్రా నూటికి నూరుపాళ్ళు కాపాడదు.

ఇక ఎల్లో ఫీవరు. దీని సంగతి వేరు. ఇది మన దేశంలో లేదు, ఎన్నడూ లేదు. కనుక మనలో ఒక్కరికీ దీన్ని తట్టుకునే శక్తి లేదు. కాని దీన్ని మోసే దోమ మాత్రం మన ఇంటి కుండీల్లో, కూలరులో, పాత టైర్లలో దండిగా ఉంది. డెంగీ తెచ్చేది ఆ దోమే, ఈడిస్ దోమ, పగలు కుట్టేది. జ్వరం పట్టుకున్న ఒక్క మనిషి దిగితే ఇక్కడి దోమలు మిగిలిన పని చేసిపెడతాయి. ఈ ఒక్క టీకా విషయంలో మన ప్రభుత్వం ఇంత పట్టుబట్టడం ఇందుకే. ఆ జ్వరం ఉన్న దేశంనుంచి పసుపుపచ్చ కార్డు లేకుండా వస్తే విమానాశ్రయం నుంచి ఇంటికి పంపరు. ఆరురోజుల వరకు విడిగా ఉంచుతారు. చెల్లెలి పెళ్ళి ఉన్నా అంతే, తండ్రి జనాజా ఉన్నా అంతే.

దోమ కుట్టిన మూడునుంచి ఆరురోజుల్లో జ్వరం వస్తుంది. చాలామందికి తగ్గిపోతుంది. కొద్దిమందికి మాత్రం తగ్గినట్టే తగ్గి ఒక రోజుకి మళ్ళీ తిరగబెడుతుంది; కళ్ళు పచ్చబడతాయి, నోట ముక్కున రక్తం పోతుంది. అలా రెండోసారి తిరగబెట్టినవాళ్ళలో సగం మంది పదిరోజులు దాటరు. మందు లేదు. ఉన్నదల్లా టీకా. 1937లో మాక్స్ థైలర్ అనే ఆయన తయారుచేసిన టీకాయే ఈనాటికీ వాడుతున్నాం. 1951లో ఆయనకు నోబెల్ ఇచ్చారు. ఒక్క సూది, జన్మకంతకీ చాలు. ఇదివరకు పదేళ్ళకొకసారి వేయించుకోవలసి వచ్చేది. 2016 జులై 11 నుంచి ఆ నియమం తీసేశారు. పాత కార్డున్నా చెల్లుతుంది. అయితే సూది వేయించుకున్న పదోరోజు నుంచి మాత్రమే కార్డుకి విలువ. ఎల్లుండి ఫ్లైటు అన్నవారికి మేము ఏమీ చేయలేకపోయేది ఇందుకే.

ఈ టీకా మందుల షాపులో దొరకదు, మన ఊళ్ళో వేయరు. కేంద్ర ఆరోగ్యశాఖ గుర్తించిన కేంద్రాల్లోనే వేస్తారు, వాళ్ళ ముద్ర ఉంటేనే కార్డు చెల్లుతుంది. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్ అలాంటిది. ఒక సీసా తెరిస్తే గంటల్లో వాడేయాలి గనుక రోజులు పెట్టి, పేర్లు రాసుకుని, మందిని కూర్చి వేస్తారు. ముందుగా కనుక్కుని పాస్‌పోర్టు పట్టుకుని వెళ్ళాలి.

ఇక్కడ ఒక ముచ్చట చెప్పాలి. పోయినేడు ఒక అబ్బాయి ధీమాగా కార్డు చూపించాడు. ఏజెంటు ఇప్పించాడట, సూది గీది లేకుండా, డబ్బులకి. ముద్ర బ్రహ్మాండంగా ఉంది. మాలో ఒకరు కళ్ళజోడు పెట్టుకుని తేదీ చూసి, "ఒరే అబ్బీ, ఈ రోజు నువ్వు మా పక్కన నిలబడి ఈద్ నమాజు చదివావు గదరా, హైదరాబాదులో సూది ఎప్పుడు వేయించుకున్నావు?" అన్నారు. వాడు నవ్వాడు, మేమూ నవ్వాం. కాని ఆ కార్డుతో వాడు మోసం చేయబోయింది ఎవర్ని? ఇమిగ్రేషన్ ఆఫీసరు కార్డు చూస్తాడు, దోమ చూడదు గదా. తరువాత వాణ్ణి రైలెక్కించి అసలు సూది వేయించాం.

ఇది నవ్వులాట కాదని 2016లో రుజువైంది. ఆ యేడు అంగోలాలో ఎల్లో ఫీవరు పెద్దఎత్తున రేగింది. అక్కడ వేలమంది చైనా కార్మికులున్నారు, మన పిల్లల్లాగే బతుకుతెరువుకు పోయినవారు. వారిలో పదకొండుమంది ఆ జ్వరంతో స్వదేశం చేరారు. ఆసియా ఖండంలోకి ఆ జ్వరం వచ్చినట్టు నమోదైంది అప్పుడే మొదలు. అదృష్టం, అక్కడ పాకలేదు. అదే మన గోదావరి, కృష్ణా జిల్లాల్లో వానాకాలంలో దిగి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. ఆ యేడే ప్రపంచంలో టీకా నిల్వలు చాలక కిన్షాసాలో మోతాదులో అయిదోవంతు చొప్పున వేసి గట్టెక్కారు.

అందరికీ ఈ టీకా వేయరు. ఇది బతికున్న సూక్ష్మజీవిని బలహీనపరచి చేసింది. తొమ్మిది నెలలు నిండని పసిబిడ్డలు, కోడిగుడ్డు అసలు పడనివారు, క్యాన్సరు మందులు వాడేవారు, రోగనిరోధకశక్తి బాగా తగ్గినవారు ముందే చెప్పాలి. అరవై దాటినవారు, గర్భిణులు డాక్టరుతో మాట్లాడి నిర్ణయించుకోవాలి. వేయకూడనివారికి ఆ సంగతి రాసి కాగితం ఇస్తారు. కోడళ్ళని అక్కడికి పంపేవారికి ఒక మనవి: నెల తప్పిందని తెలిస్తే ప్రయాణం వాయిదా వేయండి. గర్భిణికి మలేరియా వస్తే తల్లికీ బిడ్డకీ ఇద్దరికీ ప్రమాదం. అత్తగారు ఏమనుకుంటారోనని ఆ అమ్మాయి నోరు విప్పదు. విప్పవలసింది అత్తగారే.

మెదడు పొరల వాపు, అదే మెనింజైటిస్, దీని సూది మన హాజీలందరికీ తెలుసు. హజ్ క్యాంపులో వేసేది అదే. 1987లో హజ్ సమయంలో ఈ వ్యాధి పాకింది, 2000, 2001లలో ఇంకో రకం పాకింది. అప్పటినుంచి నాలుగు రకాలకూ పనిచేసే టీకా తప్పనిసరి చేశారు. సెనెగల్ నుంచి ఇథియోపియా దాకా ఆఫ్రికాకి అడ్డంగా ఒక పట్టీలా ఉన్న దేశాల్లో, ఎండాకాలం ఎడారిగాలి వీచే నెలల్లో ఇది రేగుతుంది. 1996లో నైజీరియాలో లక్షమందికి పైగా దీని బారిన పడ్డారు. కాబట్టి కానో వంటి ఉత్తరపు ఊళ్ళకి వెళ్ళేవారు ఆ సూది వేయించుకోవాలి. హజ్‌కి వెళ్ళొచ్చి ఏళ్ళయినవారు అప్పటి సూది చాలనుకోకండి. రకాన్నిబట్టి మూడేళ్ళు, అయిదేళ్ళు అంతే.

మిగిలినవి త్వరగా చెప్పేస్తాం. టైఫాయిడ్ సూది రెండువారాల ముందు. ప్రపంచ ఆరోగ్యసంస్థ గుర్తింపు పొందిన మొదటి టైఫాయిడ్ కాంజుగేట్ టీకా హైదరాబాదులో తయారైందే, బయటెక్కడో వెతకనక్కర్లేదు. ధనుర్వాతం సూది వేసి పదేళ్ళయితే మళ్ళీ వేయించుకోండి. హెపటైటిస్ బి మూడు సూదులు ఆరు నెలల్లో వేస్తారు, అందుకే పాస్‌పోర్టుకి అర్జీ పెట్టినరోజే మొదటిది వేయించుకుంటే మేలు. కొన్ని దేశాలకు పోలియో చుక్కలు నాలుగు వారాల ముందు వేయించుకుని కాగితం తీసుకోవాలి. ఆ దేశాల పట్టిక మారుతూంటుంది, టిక్కెట్టు తీసేముందు కనుక్కోండి. కుక్క కరిస్తే సబ్బుతో, ధారగా పోసే నీళ్ళతో పావుగంట కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. పసరు కట్లు వద్దు.

తిండీ నీళ్ళూ మాట. మన ఇబ్న్ బతూతా 1352లో మాలీ రాజధానికి చేరాడు. లోకమంతా తిరిగిన మనిషి, ఢిల్లీలో ఖాజీ చేసినవాడు. చేరిన పదిరోజులకి చేమదుంపలాంటి ఏదో దుంపతో చేసిన జావ తిన్నారు, ఆయనా తోటివాళ్ళూ ఆరుగురు. ఆరుగురికీ జబ్బు చేసింది, ఒకరు పోయారు. ఆయన ఫజర్ నమాజులో స్పృహతప్పి పడి, రెండునెలలు మంచం దిగలేదు. అంతటి ప్రయాణీకుడికే తప్పనప్పుడు మనమెంత? వేడివేడిగా వండింది తినండి, నీళ్ళు మరగబెట్టి తాగండి, ఐసు వేసిన షర్బత్ ఎవరిచ్చినా షుక్రియా చెప్పి పక్కన పెట్టండి. విరేచనాలు పట్టుకుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లం; అది లేకపోతే లీటరు మంచినీళ్ళలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు, చెంచా చదునుగా కొలిచి. పశ్చిమాఫ్రికాలో ఎలుకల వల్ల వచ్చే లాసా జ్వరం ఉంది. అన్నం, పిండి, చక్కెర ఎలుక ముట్టకుండా మూత గట్టిగా పెట్టాలి.

ఇంకొకటుంది, కాలవల్లో ఈతకొట్టి పెరిగిన మనవాళ్ళకి ఇది ప్రత్యేకం. అక్కడి చెరువుల్లో, సరస్సుల్లో, విక్టోరియా సరస్సుతో సహా, నత్తల నుంచి వచ్చే ఒక పురుగు నీళ్ళలో దిగిన మనిషి చర్మంలోంచి లోపలికి పోతుంది. నెలల తరువాత మూత్రంలో రక్తం పడేదాకా తెలియదు. నీళ్ళు చూడగానే లుంగీ ఎగ్గట్టి దూకకండి. ఉతికిన బట్టలు బయట ఆరేస్తే తడి మీద ఒక రకం ఈగ గుడ్లు పెడుతుంది. ఆ బట్ట తొడిగితే పురుగు చర్మంలో దూరి సెగగడ్డలా లేస్తుంది. లోపలి బట్టలకి కూడా, కుట్ల దగ్గర ఒత్తి, వేడి ఇస్త్రీ చేసి తొడుక్కోవాలి. ఇక్కడ బనీనుకి ఇస్త్రీ ఏమిటని నవ్వినవాళ్ళే అక్కడినుంచి ఫోను చేసి, మీరు చెప్పింది నిజమేనన్నారు.

షుగరు, బి.పి. మాత్రలు వాడేవారు మూడునెలల మందు, డాక్టరు చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి, పెద్దపెట్టెలో కాదు. పెట్టె ఒక ఊళ్ళో, మనిషి ఒక ఊళ్ళో దిగడం అరుదేమీ కాదు.

ఇప్పుడు తిరిగి వచ్చాక సంగతి. ఇది అమ్మలకు ప్రత్యేకంగా చెబుతున్నాం, ఎందుకంటే జ్వరం వచ్చినప్పుడు నుదుటి మీద చెయ్యి వేసి చూసేది మీరే. ఆఫ్రికా నుంచి వచ్చిన మూడునెలల్లో, ఆ తరువాతైనా సరే, జ్వరం వస్తే దాన్ని మలేరియా అనుకునే మొదలుపెట్టాలి, కాదని రక్తపరీక్ష చెప్పేదాకా. జలుబైనా, ఒళ్ళునొప్పులైనా, వాంతులైనా సరే. అదేరోజు పరీక్ష. పెళ్ళి ఉన్నా, వానైనా, అర్ధరాత్రైనా. ఒకసారి లేదని వచ్చినా జ్వరం తగ్గకపోతే మర్నాడు మళ్ళీ రక్తం చూడమనండి, మొదటిసారి దొరక్కపోవచ్చు. డాక్టరు ముందు కూర్చోగానే, ఆయన అడిగినా అడగకపోయినా, ముందు చెప్పవలసిన మాట, "మా అబ్బాయి ఆఫ్రికా నుంచి వచ్చాడండీ" అని. మలేరియా గాలికి అంటుకునేది కాదు. ఇంట్లో పెళ్ళికి వచ్చినవాళ్ళకి దానివల్ల భయమేమీ లేదు. ఆ సంగతి ఆనాడు ఆ ఇంట్లో మేము చెప్పి ఉంటే దాచేవారు కారు.

ఆ తండ్రి మొన్న మా దగ్గరికొచ్చి, కొడుకు పేరిట కొంత సొమ్ము సొసైటీకి ఇచ్చారు. కార్యవర్గం ఒప్పుకుంది. దానితో, తాహతు లేని ఇళ్ళనుంచి ఉష్ణమండల దేశాలకు వెళ్ళేవారికి టీకాల ఖర్చు, హైదరాబాదు రానుపోను ఛార్జీలు ఇస్తాం. అప్పు కాదు, తిరిగి ఇవ్వనక్కర్లేదు. ఆఫీసులో గుమాస్తా బల్లమీద ఒక రిజిస్టరు పెట్టాం. వెళ్ళే దేశం, వెళ్ళే తేదీ, తిరిగి వచ్చే తేదీ రాయించండి. ప్రయాణానికి ఆరువారాల ముందు వస్తే అన్నీ కుదురుతాయి. వచ్చిన రోజునుంచి నాలుగువారాలు మాలో ఒకరు వారానికోసారి ఇంటికొచ్చి మాత్రల అట్ట చూపించమంటారు. విసుక్కోకండి.

ఇప్పటికి ఇద్దరి పేర్లు ఎక్కాయి. ఒకరు లాగోస్, ఒకరు కంపాలా. కంపాలా వెళ్ళే అబ్బాయికి పదిహేనురోజులే వ్యవధి ఉంది. వచ్చే మంగళవారం రాత్రి బండికి మాలో ఒకరు వెంట వెళ్తున్నారు. ఆ బండికే రాదలచినవారు భోజనాలయ్యాక పాస్‌పోర్టు జిరాక్సు ఇచ్చి పేరు రాయించండి.